సరస్సు ఏ అరలో ఉంది

ఆర్డిస్ తువ్వాలు భుజాన వేసుకుని ఈతకొలను వైపు వెళ్ళగానే ఓర్లిన్ స్లెటెన్ కిటికీ తెర కాస్త జరిపి చూశాడు. ఆవిడ గడ్డికి బదులు పరిచిన, ఆకుపచ్చ రంగు వేసిన కంకర దాటి, ట్రెయిలర్ ఇళ్ళ వరస మలుపు తిరిగి కనుమరుగైంది. అప్పుడు వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. సొంత ఇల్లు, సొంత సోఫా, సొంత టీవీ. అయినా దొంగతనానికి వచ్చినవాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి సోఫాలో కూర్చుని, కీబోర్డు ఒళ్ళో పెట్టుకున్నాడు.

టీవీ కింద ఉన్న నల్లపెట్టె ఫోను లైనులోకి దూరి, కీచుమని, గురగురమని, కాసేపు గొంతు సవరించుకుని ఇంటర్నెట్ తెరిచింది. ఓర్లిన్ బుక్‌మార్కుల పేజీకి వెళ్ళాడు. వెళ్ళి నోరు వెళ్ళబెట్టాడు.

అతని బుక్‌మార్కులు లేవు. లేవంటే, ఉన్నాయి. నిన్నటిదాకా ఏది ఎప్పుడు దొరికితే అది అక్కడే పడేసినట్టు కుప్పగా ఉండేవి: పాన్‌కేకులు, పోల్కా పాటలు, చేపల గాలాలు, పాత పాల లారీల ఫోటోలు, గురక ఎందుకు వస్తుంది, మళ్ళీ పాన్‌కేకులు. ఇప్పుడవన్నీ శుభ్రంగా ఫోల్డర్లలో సర్ది ఉన్నాయి. ఆ ఫోల్డర్లకి పేర్లు లేవు. అంకెలున్నాయి. 551. 616. 629. 641. అలా తెర అడుగుదాకా అంకెలే.

"అయ్యో ఆర్డిస్!" అన్నాడు ఖాళీ ఇంట్లో.

ఆర్డిస్ మిన్నెసోటాలోని స్టెన్విగ్ ఊళ్ళో బడి లైబ్రరీని చూసుకుని చూసుకుని రిటైరైన మనిషి. ఏ విషయం ఏ అరలో ఉందో తెలిసేలా పుస్తకాల వీపు మీద అంటించే ఆ అంకెలతోనే ఆవిడ జీవితం గడిచింది. పుస్తకాలు బడిలోనే ఉండిపోయాయి, అంకెలు మాత్రం ఆవిడ వెంట వచ్చేశాయి. అరిజోనా ఎండలోకి మకాం మార్చిన మొదటి వారంలోనే మసాలా డబ్బాల పని పట్టింది. తరువాత పక్కింటి డ్వేన్ ప్రూయిట్ పనిముట్ల గది మీద పడింది. సుత్తి ఏ అంకె కింద ఉందో తెలియక డ్వేన్ ఇప్పటికీ బూటు మడమతో మేకులు కొట్టుకుంటున్నాడు. ఈ పెట్టె కొన్న రోజే ఓర్లిన్ అనుకోవాల్సింది, దీనికీ మూడిందని. అనుకోలేదు.

మిగతా వాటి గురించి అతనికి బెంగ లేదు. గురక గురించి తెలిసినా తెలియకపోయినా వచ్చేది వస్తుంది. అతనికి కావలసింది ఒక్కటే పేజీ.

స్టెన్విగ్‌లో చలికాలం ముదిరాక, ఫైరింజన్ల వాళ్ళు ఇంజను పీకేసిన పాత కారునొకదాన్ని ఈడ్చుకెళ్ళి గడ్డకట్టిన సరస్సు నడిమధ్య నిలబెడతారు. మంచు కరిగి అది ఎప్పుడు మునుగుతుందో ఊరంతా పందెం కాస్తుంది. పాస్టరు గారు కూడా కాస్తారు, ఆ డబ్బు ఫైరింజన్ల నీళ్ళ గొట్టాలకే కదా అని. ఈ ఏడు ఇనుప సామాన్ల కొట్టు ఆసామి తన కిటికీలో ఒక కెమెరా పెట్టి ఆ బొమ్మని ఇంటర్నెట్‌లోకి ఎక్కించాడు. కొన్ని నిమిషాలకో కొత్త బొమ్మ వస్తుంది. అందులో ఏముంటుందీ అంటే, తెల్లటి సరస్సు, మధ్యలో పసుపుపచ్చ కారు. కారు కదలదు. సరస్సు అసలే కదలదు. ఓర్లిన్ డిసెంబరు నుంచి రోజూ దాన్నే చూస్తున్నాడు. ఒకనాడు ఎవరిదో కుక్క అడ్డంగా నడిచివెళ్తే ఆ సంబరం అతనికి వారం రోజులుంది.

ఎందుకు చూస్తున్నాడో ఆర్డిస్‌కి మాత్రం చెప్పలేదు. ఇంటి మీద బెంగ పట్టుకుందన్న మాట స్టెన్విగ్ మనిషి నోట ఎలా వస్తుంది? అక్కడి వాళ్ళు కాఫీ తాగమంటే రెండుసార్లు వద్దంటారు. మూడోసారి "ఎలాగూ పెట్టావు కాబట్టి అరకప్పు" అంటారు. కాలు విరిగి పడి ఉన్నా "ఇంకా అధ్వాన్నంగా ఉండొచ్చు కదా" అంటారు. కావాలి, వద్దు, ఇష్టం లేదు అనే మాటలు నోటివెంట రానీకుండానే పుడతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, పోతారు. వాళ్ళ సమాధుల మీద కూడా వాతావరణం గురించి రాయడం ఒక్కటే తరువాయి.

ఇప్పుడేమో ఆ ఊళ్ళోని తమ ఇల్లు అమ్మకానికుంది. ఎవరో కొత్తగా పెళ్ళైన జంటకి నచ్చింది. బేరం చూస్తున్న జొలీన్ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తానంది. ఆ ఫోనులో సరే అంటే ఇల్లు వాళ్ళదైపోతుంది. "అమ్మేద్దామా ఓర్లిన్?" అని ఆర్డిస్ అడిగినప్పుడల్లా అతను "నువ్వెలా అంటే అలా. బాగానే ఉంటుంది" అన్నాడు. అంటూనే లోపల ఉసూరుమన్నాడు. ఆ ఇంటి వెనక మెట్ల మీద కూర్చుంటే సరస్సు కనిపిస్తుంది. మెట్లు అతను వేసినవే, కాస్త వంకర. ఆ ఇల్లు పోతే తనకి ఈ భూమ్మీద సొంత ఊరనేది లేకుండా పోతుందని అతనికి నిజంగా భయంగా ఉంది.

నోటితో చెప్పలేడు కాబట్టి ఒక ఉపాయం ఆలోచించాడు. గురువారం రాత్రి భోజనాలయ్యాక టీవీలో ఆ పేజీ తెరిచి పెడదాం. పక్కపక్కన కూర్చుని చూద్దాం. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆ మాత్రం అర్థం చేసుకోదా? ఉపాయం బాగానే ఉంది. ఇవాళ మంగళవారం. పేజీ లేదు.

దాని చిరునామా గుర్తు లేదు. అది మూరెడు పొడవు, మధ్యలో గీతలూ వంకర్లూ. ఇంటర్నెట్‌లో వెతికితే ఎక్కడెక్కడివో సరస్సులు వచ్చాయి, పాత కార్లు కొంటాం అన్నవాళ్ళు వచ్చారు. స్టెన్విగ్‌లో ఉన్న పినతండ్రి కొడుక్కి ఫోన్ చేయొచ్చు. చేస్తే, ఓర్లిన్‌కి ఇంటి బెంగట అని సాయంత్రానికి చర్చి మెట్ల దాకా పాకుతుంది. దానికన్నా ఆ కారులో కూర్చుని మునిగిపోవడం నయం అనిపించింది.

ఇక అంకెలే దిక్కు. 551 తెరిచాడు. మంచు గురించే ఉంది గానీ అది దక్షిణ ధ్రువం మంచు. పక్కనే పెంగ్విన్ల పేజీకి దారి ఉంటే ఊరికే అటు తొంగిచూశాడు. మగ పెంగ్విను గుడ్డుని కాళ్ళ మీద పెట్టుకుని చలికాలమంతా తిండి లేకుండా నిలబడుతుందట. నోరెత్తదట. ఓర్లిన్‌కి దాని మీద అభిమానం కలిగింది. అక్కడినుంచి ఇంకో పేజీకి, అక్కడినుంచి ఎవరో పెంగ్విను బొమ్మలతో ఇల్లంతా నింపుకున్న ఒహాయో ఆవిడ పేజీకి వెళ్ళాడు. ఆవిడ మనవల పేర్లు సగం చదివాక, బయట కంకర మీద చెప్పుల చప్పుడు వినిపించింది. గబగబా పెట్టె కట్టేసి, వాతావరణం ఛానెలు పెట్టి, పరుగున వెళ్ళి గడియ తీశాడు.

"తలుపు గడియ ఎందుకు పెట్టావు?" అంది ఆర్డిస్ జుట్టు తుడుచుకుంటూ.

"గాలి."

ఆర్డిస్ వెనక్కి తిరిగి చూసింది. ఆకు కూడా కదలడం లేదు. "ఊఁ, గాలి" అని లోపలికి వెళ్ళింది.

బుధవారం ఆవిడ ఈతకి వెళ్ళగానే 629 తెరిచాడు. కార్లు ఉన్నాయి, మునిగేవి కావు. 796 తెరిచాడు. ఆటలు, బౌలింగు, మంచు మీద జారే అమ్మాయిలు. సరస్సు లేదు. 977లో మిన్నెసోటా చరిత్ర ఉంది, చరిత్రలో కారు లేదు. పందేల గురించి 175లో ఉంటుందేమోనని చూస్తే, అక్కడ తాము వారం వారం వెళ్ళే బింగో ఆట పేజీ ఉంది. అది నీతిశాస్త్రం అర అని తెలిసి ఓర్లిన్ కాస్త నొచ్చుకున్నాడు.

అప్పుడే పక్క తలుపు ధడాలున తెరుచుకుంది. డ్వేన్ ప్రూయిట్ తలుపు తట్టే రకం కాదు. ఓక్లహోమా మనిషి, కడుపులో ఏదీ దాచుకోడు, ఉప్పు తక్కువైనా దేవుడు తక్కువ చేసినా పైకే అంటాడు. పైగా పక్క తలుపుకి గడియ ఉందన్న సంగతి ఓర్లిన్ మరిచిపోయాడు. ఉలిక్కిపడి టీవీ ఆపేశాడు.

డ్వేన్ ఆరిపోయిన టీవీని చూశాడు, ఓర్లిన్ ఎర్రబడిన చెవులు చూశాడు, ముసిముసిగా నవ్వాడు. "ఏందయ్యా ఓర్లినూ, ముసలితనంలో ఈ బుద్ధి! ఆడోళ్ళ బొమ్మలా?"

"కాదు డ్వేన్. మంచు."

"మంచులో ఆడోళ్ళా?"

"ఆడవాళ్ళు లేరు. కారు ఉంది."

"కారులో ఉన్నారా?"

"కారులో ఎవరూ లేరయ్యా! దానికి ఇంజను కూడా లేదు."

డ్వేన్ కూలబడి సంగతంతా విన్నాడు. వింటున్నకొద్దీ అతని మొహంలో ఉత్సాహం తగ్గిపోయింది. "అంటే, పెళ్ళాన్ని బయటికి పంపి, తలుపేసుకుని, నువ్వు కదలని కారుని చూస్తావు."

"కదిలితే పందెం అయిపోతుంది."

"సరే. ఇల్లు అమ్మొద్దనుకుంటున్నావు. మరి అమ్మొద్దని చెప్పు!"

"అది ఎలా కుదురుతుంది? ఆవిడ మోకాళ్ళకి ఇక్కడి ఎండ పడింది. అక్కడ పైకప్పు కారుతుంది, పైపులు పగులుతాయి, వాటి గురించి ఆవిడకి నిద్ర పట్టదు. ఆవిడకి అమ్మాలనుంది."

"నీకు వద్దని ఉంది కదా?"

"నా సంగతి... బాగానే ఉంటుందిలే."

"నీ మొహం బాగుంటుంది! పోనీ ఆ పేజీ ఎక్కడ పెట్టిందో అడుగు. అదైనా అడుగు!"

"అడిగితే ఎందుకూ అంటుంది."

"చెప్పు!"

"చెప్పగలిగితే పేజీ ఎందుకు?"

డ్వేన్ లేచి, టోపీ తీసి, తల మీద తనే ఒకటి కొట్టుకుని, మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు. "మీ ఊళ్ళో పిల్లలెట్లా పుడతారో నాకు అర్థం కాదు" అని వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకోలేదు. సాయంత్రం ఆర్డిస్ నిమ్మచెట్టుకి నీళ్ళు పెడుతుంటే కంచె మీదుగా "ఆర్డిసమ్మా, మీ ఆయనకి ఒక కారు పేజీ కావాలంట, ఎక్కడ పెట్టావు?" అని అరిచాడు. లోపల ఓర్లిన్ సోఫాలోకి కుంచించుకుపోయాడు.

"కార్లయితే 629" అంది ఆర్డిస్ నీళ్ళు ఆపకుండా. "అయినా ఆయనకి కావాలంటే ఆయన్నే అడగమను. ఆయనకీ నోరుంది, ఉన్నట్టే ఉంది."

గురువారం వచ్చింది. అనుకున్న రాత్రి అదే, చూపించడానికి మాత్రం చేతిలో ఏమీ లేదు. ఆర్డిస్ హాట్‌డిష్ చేసింది. మాంసం మీద బంగాళాదుంప ఉండలు వరసలుగా పేర్చి కాల్చింది, వరసలో ఒక్క ఉండ కూడా పక్కకి జరగలేదు. ఓర్లిన్ నీళ్ళు నమిలాడు, తరువాత నిజంగానే నీళ్ళు తాగాడు, తరువాత ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఆ పెట్టెలో... నువ్వు సర్దినవి... బాగా సర్దావు."

ఆర్డిస్ ఫోర్కు కింద పెట్టింది. "ఏమైనా వెతుకుతున్నావా?"

"అబ్బే. ఊరికే."

"ఏదీ కనిపించకుండా పోలేదా?"

"ఏం పోతుంది? అన్నీ ఉన్నాయి."

"ఊరికేనన్నమాట."

"ఊరికే."

ఆర్డిస్ కాసేపు అతని మొహంలోకే చూసింది. ఆ చూపులో కోపం ఉందని అతనికి తెలిసింది, దేనికో మాత్రం తెలియలేదు. "రేపు జొలీన్ ఫోన్ చేస్తుంది" అంది.

"అవును. అక్కడ చలి తగ్గిందేమో కనుక్కోవాలి."

ఆర్డిస్ లేచి, అతని కంచం ఖాళీ అయిందో లేదో కూడా చూడకుండా లాగేసి, గిన్నెలన్నీ ఎప్పుడూ లేనంత చప్పుడుతో కడిగింది.

అంతలో డ్వేన్ మాంసంలో ఎండుమిర్చి దట్టించి వండే చిల్లీ కూర ఒక గిన్నెడు పట్టుకుని పక్క తలుపులోంచి వచ్చాడు. ఎర్రగా ఉంది, దగ్గరికి వస్తేనే కళ్ళు మండుతున్నాయి. "తిను ఓర్లినూ. తింటే నోరు తెరుచుకుంటుంది" అని కన్ను గీటాడు. ఓర్లిన్ కడుపు అప్పటికే నిండిపోయింది. కారం అంటే అతనికి మిరియాలే ఎక్కువ. కానీ వద్దనడం రాదు కదా. గిన్నె మొత్తం తిన్నాడు. "కాస్త పెట్టనా ఇంకా?" అంటే రెండుసార్లు అక్కర్లేదన్నాడు. మూడోసారి అడిగేదాకా ఆగితే డ్వేన్ అసలు మూడోసారి అడగకుండా వేసేశాడు.

శుక్రవారం తెల్లారేసరికి ఓర్లిన్ గుండెల్లో పొయ్యి వెలిగింది. చిల్లీ వల్లా, ఫోను వల్లా, రెండూ కలిసా అన్నది తేల్చుకోలేకపోయాడు. ఆర్డిస్ పొడిపొడిగా "ఈతకి వెళ్తున్నా" అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కావస్తోంది. ఇంకాసేపట్లో ఫోను మోగుతుంది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని అతను పెట్టె ముందు కూర్చున్నాడు. సరస్సుని వెతకడానికి కాదు, దాని మీద ఆశ వదిలేసుకున్నాడు. పోయేముందు, ఇది గుండెపోటో చిల్లీయో తెలిస్తే చాలు.

జబ్బుల అర 616. అందులో అన్నీ వరసగా ఉన్నాయి. ఛాతీలో మంట. మోకాళ్ళ వాపు. గురక. రాత్రిపూట మాటిమాటికీ లేవాల్సి రావడం. అన్నీ ఇద్దరికీ తెలిసిన పాత చుట్టాలే. వాటన్నిటి కింద, చిట్టచివర, ఇంకొకటి ఉంది.

స్టెన్విగ్ సరస్సు.

ఓర్లిన్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. బొమ్మ పైనుంచి కిందికి కాస్త కాస్తగా దిగింది. ముందు బూడిదరంగు ఆకాశం, తరువాత అవతలి ఒడ్డు చెట్లు, తరువాత మంచు. మంచు అక్కడక్కడా నల్లబడింది. కారు ముందు చక్రాలు నీళ్ళలో ఉన్నాయి, మూతి కిందికి వాలిపోయింది. ఆనందమో బాధో, ఏదైతేనేం, కళ్ళు తడిశాయి.

"దొరికిందా?"

ఆర్డిస్ తలుపులో నిలబడి ఉంది. ఇవాళ గడియ పెట్టడం మరిచిపోయాడు. తువ్వాలు మడత విప్పలేదు, జుట్టు తడవలేదు. అసలు కొలను దాకా వెళ్ళనే లేదు.

ఓర్లిన్ అలవాటు కొద్దీ రిమోటు అందుకోబోయాడు. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. "దీన్ని... జబ్బుల్లో పెట్టావేం?"

"మరి ఎక్కడ పెట్టను?" ఆర్డిస్ వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. "సర్దేటప్పుడు ఒక్కో పేజీ తెరిచి చూశాను. దీని దగ్గరికొచ్చి ఆగిపోయాను. మంచులో పెడదామా అంటే మంచు కోసం నువ్వు చూడటం లేదు. పందెంలో పెడదామా అంటే నీకు గెలిచినా ఓడినా ఒకటే. ఒక మనిషి రోజుకి పదిసార్లు ఒకే బొమ్మ తెరిచి చూసి, నిట్టూర్చి, పెళ్ళాం అడుగుల చప్పుడు వింటే మూసేస్తాడు. అన్నం సరిగ్గా తినడు. అడిగితే బాగానే ఉన్నానంటాడు. దాన్ని ఏమంటారు? జబ్బు కాదూ?"

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

"మరి..."

"మరి ఏంటి?" ఆర్డిస్ గొంతు పెరిగింది. ఆవిడ గొంతు పెరగడం ఓర్లిన్ ఎప్పుడో బడిలో ఒకసారి విన్నాడు. "నేను లైబ్రరీలో బల్ల వెనక కూర్చుంటే పసిపిల్లలు కూడా వచ్చి అడిగేవాళ్ళు, ఫలానా పుస్తకం ఎక్కడమ్మా అని. ముక్కు తుడుచుకోవడం రానివాళ్ళు కూడా అడిగేవాళ్ళు! నువ్వు మంగళవారం నుంచి నా అరల చుట్టూ తిరుగుతున్నావు. అడుగుతావేమో, అడిగితే ఇంటి సంగతి మాట్లాడదామని చూశాను. నీకు బదులు ఆ డ్వేన్ అడిగాడు. నిన్న నోటి దగ్గరికి అందించాను, ఏమైనా వెతుకుతున్నావా అని. ఊరికే అన్నావు. ఊరికే! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇవాళ కూడా అడక్కపోతే జొలీన్‌కి సరే అనేసేదాన్ని. ఒట్టు."

ఓర్లిన్ కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. తెర మీద కొత్త బొమ్మ వచ్చింది. కారు ఇంకొంచెం వాలింది.

"నీ మోకాళ్ళు" అన్నాడు చివరికి.

"నా మోకాళ్ళ సంగతి నేను మాట్లాడుకుంటాను. నాకు ఆ ఇల్లు వదిలించుకోవాలనే ఉంది. పైకప్పు, పైపులు, ఆ చీకటి, ఆ చలి, నాకు విసుగొచ్చింది. చూడు, ఎంత సులువుగా చెప్పానో! ఇప్పుడు నువ్వు చెప్పు."

"నువ్వెలా అంటే..."

"ఓర్లిన్!"

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. పక్కింట్లో డ్వేన్ బూటుతో మేకు కొడుతున్నాడు. ఓర్లిన్ రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి మాట వచ్చింది, అంత చిన్నగా వచ్చినందుకు అతనే మళ్ళీ ఇంకాస్త గట్టిగా అన్నాడు.

"నాకు మనింటికి వెళ్ళాలనుంది ఆర్డిస్. నాకు ఇక్కడ ఏమీ తోచడం లేదు. ఈ ఎండ బాగుంది, నారింజలు బాగున్నాయి, అందరూ మంచివాళ్ళు. కానీ పొద్దున్న లేవగానే నేనెవరింట్లోనో ఉన్నట్టుంటుంది."

చెప్పాక అతనికి భయమేసింది, చేయకూడని పని చేసినట్టు. ఆర్డిస్ తువ్వాలు అంచుతో కళ్ళు ఒత్తుకుంది, తరువాత అదే తువ్వాలుతో కీబోర్డు తుడిచింది, ఎందుకంటే దాని మీద చిల్లీ ఉంది.

"సరే అయితే. ఏప్రిల్లో వెళ్దాం, ఆకులు రాలేదాకా ఉందాం. మంచులోకి మాత్రం నన్ను పిలవకు, చచ్చినా రాను. నీకంత సరదాగా ఉంటే డిసెంబరులో ఒక్కడివే వెళ్ళు. ఆ కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ముక్కు ఊడిపోయాక రా."

"పైకప్పు నేను వేయిస్తాను" అన్నాడు ఓర్లిన్.

"వేయించు. నిచ్చెన ఎక్కావంటే ఊరుకోను." ఆర్డిస్ గడియారం వైపు చూసింది. "జొలీన్ ఈపాటికి నాలుగైదుసార్లు చేసి ఉంటుంది పాపం. ఈ పెట్టె లైనులో కూర్చుంటే ఎలా కలుస్తుంది?"

ఆవిడ పెట్టె మీట నొక్కింది. సరస్సు, కారు, ఆకాశం ఒక్కసారిగా పోయాయి. మరుక్షణం ఫోను మోగింది. ఆర్డిస్ తీసి, "హలో" కూడా అనకుండా, అతని చేతికిచ్చింది. ఓర్లిన్ వద్దు వద్దని చేతులూపాడు. ఆవిడ వినలేదు. రిసీవరు అతని చెవికి ఆనించి పట్టుకుంది.

"ఆఁ జొలీన్. ఎలా ఉన్నావమ్మా? అక్కడ చలి ఎలా ఉంది?"

కాస్త తగ్గిందని జొలీన్ చెప్పింది. ఇక్కడ ఎండగా ఉందని ఓర్లిన్ చెప్పాడు. నిన్న జల్లు పడిందని జొలీన్ అంది. నేలకి మంచిదే అని ఓర్లిన్ అన్నాడు. కారు ఇవాళో రేపో మునిగేలా ఉందని ఆవిడ అంటే అలాగే ఉందని ఇతను అన్నాడు. వాళ్ళమ్మ తుంటి ఎముక సంగతి అడిగాడు. తరువాత దాన్ని చూస్తున్న డాక్టరు సంగతి అడిగాడు. ఆర్డిస్ అతని మోకాలి మీద మోకాలితో పొడిచింది.

"జొలీన్ అమ్మా, అదీ... ఇల్లు అమ్మడం లేదు."

"అయ్యో, అలాగా. వాళ్ళకి బాగా నచ్చిందండీ. బేరం కూడా బాగానే కుదిరింది. ఏమైనా ఇబ్బందా? పైకప్పు గురించా? దాని గురించైతే వాళ్ళేమీ..."

పైకప్పు గురించే అనేస్తే సరిపోయేది. ఎంత చక్కటి సాకు, నోటి దగ్గరికే వచ్చింది. ఓర్లిన్ ఆర్డిస్ వైపు చూశాడు. ఆవిడ సాయం చేయలేదు. రెండో చేత్తో కీబోర్డు తుడుస్తోంది.

"పైకప్పు కాదమ్మా" అన్నాడు. "నాకు ఇష్టం లేదు."

స్టెన్విగ్‌లో ఎవరూ ఎవరితోనూ అలాంటి మాట అనరు. ఓర్లిన్‌కి గుండెల్లో మంట తగ్గినట్టనిపించింది. సోఫాలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, ఈసారి ఎవరూ అడక్కుండానే మళ్ళీ అన్నాడు.

"నాకు అసలు ఇష్టం లేదు."